గుమ్మం దగ్గరి తీర్పు

ఫొటో ప్రింటు బాగా వచ్చిందో లేదో తేల్చడానికి స్టూడియోల్లో అనాదిగా నమ్ముకున్న పరికరం ఒక్కటే: గుమ్మం. ప్రింటు పట్టుకుని గడప దాటి, ఎండలో అటూ ఇటూ తిప్పి, "సహజమైన వెలుతురండీ, ఇందులో మోసం ఉండదు" అంటే పరీక్ష పూర్తయినట్టే. మిట్టమధ్యాహ్నపు ఎండ వెలుతురు కొలతలో దాదాపు లక్ష లక్సులు. ఆ ఫొటో తగిలించే హాల్లో రాత్రిపూట వెలిగేది మహా అయితే రెండొందలు. ఎండలో పెళ్లికొడుకు నల్ల సూటు మడతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. గోడెక్కాక అదే సూటు ఒక చీకటి ముద్ద. డబ్బు మాత్రం ఎండలో ఉండగానే చేతులు మారిపోతుంది.

పైగా ఈ సహజత్వానికి వేళాపాళా ఉంది. నీలాకాశం నుంచి నీడలోకి వచ్చే వెలుతురు నీలం వైపు, సాయంత్రపు ఎండ పసుపు వైపు మొగ్గుతాయి. ఈ లెక్కన ల్యాబు పనితనం పొద్దుతో పాటు తిరుగుతుండాలి.

ఎండ పడని అపార్టుమెంట్లలో తీర్పు చెప్పే హోదా బల్బు డబ్బాకు దక్కింది. దానిమీద 'డేలైట్' అనీ, 6500 కెల్విన్ అనీ అచ్చయి ఉంటే ఇక అప్పీలు లేదు. కెల్విన్ అంకె వెలుతురు తెలుపు ఏ ఛాయలో ఉందో చెబుతుందే గానీ, అందులో ఏ వర్ణం ఎంత ఉందో చెప్పదు. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పేది సీఆర్ఐ. మామూలు ఎల్ఈడీలకు అది 80 దగ్గర ఉంటుంది. ఆ అంకె కూడా 8 లేత రంగుల సగటే. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 అందులో చేరదు. పట్టుచీర, కుంకుమ, ముఖాల రంగు దెబ్బతినేది సరిగ్గా అక్కడే. చీవాట్లు తినేది మాత్రం ప్రింటరు.

ఈ తగాదా తీర్చడానికి ఐఎస్ఓ 3664 అనే ప్రమాణం ఉంది. డీ50 వెలుతురు, అంటే సుమారు 5000 కెల్విన్. సీఆర్ఐ కనీసం 90. రెండు ప్రింట్లను పక్కపక్కన పోల్చడానికి 2000 లక్సులు, ఒక ప్రింటును విడిగా చూడడానికి 500. చుట్టూ మెరుపులేని బూడిద రంగు. ఆకుపచ్చ చొక్కా వేసుకుని ప్రింటు మీదికి వంగే నిపుణుడు తన చొక్కా రంగును కూడా ప్రింటు ఖాతాలోనే రాస్తాడు.

ఈ ప్రమాణాన్ని వేదంగా పట్టుకున్నవాళ్లది ఇంకో భక్తి. 2000 లక్సుల పెట్టెలో చూసి మురిసి, ఆ ప్రింటును మసక హాల్లో తగిలిస్తారు. రంగును 500 దగ్గర సరిచూసుకుని, ముదురు లేతలను తగిలించే గోడ దగ్గరే, అక్కడి దీపం కింద, రాత్రిపూట చూడాలి. నల్లగా కనిపిస్తే ప్రింటు కాస్త లేతగా మళ్లీ తీయించాలి, లేదా పైన ఒక మంచి దీపం పెట్టించాలి. గుమ్మానికి మోసుకెళ్లడం కన్నా ఇది కష్టమేమీ కాదు. కాకపోతే స్టూడియో వాళ్లు రాత్రి ఇంటికి రారు.