పదకొండో గది కబ్జా

మన ఇంజనీరింగ్ కాలేజీల సీ ల్యాబ్‌లో తప్పు ఎప్పుడూ కంప్యూటర్‌దే. "సార్, లాజిక్ కరెక్టే, సిస్టమ్‌లోనే ఏదో ప్రాబ్లమ్" అంటాడు కుర్రాడు. సార్ వచ్చి తెరను తేరిపార చూసి, "రీస్టార్ట్ చెయ్" అంటారు. దాంతో డీబగ్గింగ్ అధ్యాయం సమాప్తం.

ఇంతకీ తెర మీద ఏముంది? పది మార్కులకు అర్రే ప్రకటించి, దాన్ని సున్నాలతో నింపడానికి లూప్‌ను ఐ = 0 నుంచి ఐ <= 10 దాకా తిప్పాడు. వేళ్ల మీద లెక్కపెట్టినా పదకొండు తేలుతుంది. పట్టా ఉన్నది పది గదులకే, పదకొండోది కబ్జా. సీ భాష అడ్డుపడదు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో దాన్ని తయారుచేసిన డెనిస్ రిచీ, హద్దులు చూసుకునే బాధ్యత ప్రోగ్రామర్‌కే వదిలేశాడు. పాపం, మన ల్యాబ్‌లు చూసి ఉండడు! ఒక్కోసారి ఆ పదకొండో చోట సాక్షాత్తూ 'ఐ' కాపురముంటుంది. అక్కడ సున్నా పడగానే లూప్ మళ్లీ మొదటికొస్తుంది, ఇక ఆగమన్నా ఆగదు. ఒక్కోసారి ఏమీ కాదు, అవుట్‌పుట్ ముచ్చటగా వస్తుంది. భయపడాల్సింది అప్పుడే. అవుట్‌పుట్ వెనకాలే సార్ సంతకమూ వచ్చేస్తుంది మరి.

మనవాళ్ల వైద్యం ఘనమైనది. అర్రే సైజు 10 తీసేసి 100 పెడతారు; తప్పు అలాగే ఉంటుంది, కనబడదంతే. టోటల్‌కు ముందుగా సున్నా ఇవ్వక చెత్త విలువ వచ్చిందా? రికార్డులో సరైన జవాబు పెన్నుతో రాసేస్తారు. ఫర్ చివర సెమీకోలన్ పడి లూప్ ఉత్తినే తిరిగొస్తే, పక్కవాడి ప్రోగ్రామ్ ఉండనే ఉంది, సెమీకోలన్‌తో సహా.

ఇది ల్యాబ్ గోడల మధ్యే ఆగే ముచ్చటా? 1988లో మోరిస్ వర్మ్ ఇంటర్నెట్‌లోకి చొరబడిన దారుల్లో ఒకటి, 512 బైట్ల అర్రే హద్దు చూసుకోని ఒక సీ ప్రోగ్రామే.

పట్టించే పోలీసులు లేరా అంటే, ఉన్నారు. 2013లో వచ్చిన జీసీసీ 4.8 నుంచే అడ్రస్ శానిటైజర్ ఉంది, హద్దు దాటిన లైను నంబరుతో సహా పట్టిస్తుంది. మనం మాత్రం 1990ల నాటి టర్బో సీ నీలి తెరను డాస్‌బాక్స్‌లో పెట్టి ఊపిరి ఊదుతున్నాం.

సార్లకు ఒక్క మనవి. వైవాలో "అర్రే అనగానేమి?" అని అడగడం ఇక చాలించండి. తప్పున్న ప్రోగ్రామ్ చేతికిచ్చి, ఆ తప్పెక్కడుందో చూపించమనండి. ముందు మీరొకసారి వెతికి పెట్టుకోండి.