డాబా వదిలెయ్యండి, గోడ పట్టుకోండి

విశాఖ గోపాలపట్నంలో సొంతిల్లు ఉండి, వేసవి కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమన్నవాళ్లంతా ఒకే పొరపాటు చేస్తారు. డాబా మీద సోలార్ పలకలు పెట్టించేస్తారు. డాబా ఉన్నది వాటర్ ట్యాంకుకీ వడియాలకీ కదా! మీరు గోడలకీ కిటికీ అద్దాలకీ థిన్ ఫిల్మ్ అనే పల్చటి సోలార్ పొర పెట్టించండి. మామూలు పలకలో సిలికాన్ బిళ్ల మందం సుమారు 150 మైక్రాన్లు. థిన్ ఫిల్మ్‌లో కరెంటు పుట్టించే పొర కొద్ది మైక్రాన్లే. ఇంత పల్చనిదానికి అంత డబ్బా అనకండి. పల్చబడేకొద్దీ ధర పెరగడం సన్ననూలు చీరల్లో చూడలేదూ?

గోడ విషయంలో వాస్తు పండితుణ్ణి వదిలి నన్ను అడగండి. దక్షిణపు గోడే శ్రేష్ఠం. విశాఖ ఉన్నది 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. అందుచేత మే రెండో వారం నుంచి జూలై ఆఖరుదాకా సూర్యుడు రోజంతా మనకి ఉత్తరం వైపునే తిరుగుతాడు. అంటే ఏసీ ఆపితే ప్రాణం పోయే రోజుల్లో మీ గోడ మీద నేరుగా ఎండ పడదు. అదే డిసెంబరులో, ఫ్యాను కూడా అక్కర్లేనప్పుడు, కరెంటు దండిగా ఇస్తుంది. పక్కింటాయన ఇంకో అంతస్తు లేపి ఆ ఎండకి కూడా అడ్డొస్తాడేమోనని బెంగ వద్దు. తప్పకుండా లేపుతాడు.

థిన్ ఫిల్మ్ రకాల్లో అమార్ఫస్ సిలికాన్ తీసుకోండి. మంచి మామూలు పలక తన మీద పడిన ఎండలో 20 శాతం పైగా కరెంటుగా మారుస్తుంది. ఇది ఆరో ఎనిమిదో మారుస్తుంది. కాబట్టి మూడింతల చోటు కావాలి. గోడ పెద్దదేగా! బిగించిన రోజే మీటరు ఫొటో తీసి చుట్టాలకి పంపడం మాత్రం మరవకండి. ఎందుకంటే ఎండ తగిలాక కొన్ని నెలల్లోనే ఈ పదార్థం తన సత్తాలో పది నుంచి ముప్ఫై శాతం దాకా పోగొట్టుకుంటుంది. 1977లో స్టేబ్లర్, రాన్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సంగతి బయటపెట్టారు. ఎండలో బతకాల్సిన సరుకు ఎండకే నీరసపడటం! కాడ్మియం టెల్యురైడ్ రకం ఇంత బలహీనం కాదు, వేడిని సిలికాన్ కంటే మెరుగ్గా తట్టుకుంటుంది కూడా. అందుకే దాని జోలికి పోకండి.

అంచులకి సీలు సరిగ్గా వేశారో లేదో చూడకండి. మనది సముద్రపు ఊరు. తేమ లోపలికి చేరితే చాలా థిన్ ఫిల్ములు పాడవుతాయి, కానీ తేమ మాత్రం ఎక్కడికి పోతుంది పాపం? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో ఊళ్లో ఎవరినీ అడగకండి, గోడకి వేలాడేవాటి మీద నమ్మకం సడలుతుంది.

సబ్సిడీ ఊసెత్తొద్దు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పు మీద మూడు కిలోవాట్లు పెట్టుకుంటే కేంద్రం 78,000 రూపాయలిస్తుంది. దానికి కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ అనుమతి కావాలి, నెట్ మీటరు కావాలి, దేశంలో తయారైన పలకలే వాడాలి. ఇంత యాతన ఎందుకు? విదేశం నుంచి తెప్పించుకుంటే ఆ 78,000 తీసుకునే ఇబ్బందే ఉండదు. డాబా వద్దనుకున్నవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు: ముడసర్లోవలో చూడండి, 2018లో రెండు మెగావాట్ల పలకలు జలాశయం మీద తేలవేశారు. గోడ దొరక్కపోయి ఉంటుంది.

నిజానికి ఇరవై అంతస్తుల అద్దాల మేడకైతే ఈ సరుకు తగును. దానికి డాబా చిన్నది, ఒళ్లంతా గోడే, అద్దం ఎలాగూ కొనాల్సిందే. వాళ్లకి తగినది రెండంతస్తుల ఇల్లున్న మీకెందుకు తగదు?

ఇంకా డబ్బు మిగిలితే షేర్లు. అమెరికాలో సోలిండ్రా అనే కంపెనీ థిన్ ఫిల్మ్‌ని గాజు గొట్టాల్లో పెట్టి భవనాల కప్పులకి అమ్మింది. ప్రభుత్వం 53.5 కోట్ల డాలర్ల అప్పుకి పూచీ పడింది. ఈలోగా మామూలు సిలికాన్ ధర పడిపోయింది, 2011లో సోలిండ్రా దివాలా తీసింది. అలాంటిదే ఇంకోటి వెతకండి. థిన్ ఫిల్మే తయారుచేసే ఫస్ట్ సోలార్ మాత్రం వద్దు. అది మైదానాల నిండా పలకలు పరిచేవాళ్లకి అమ్ముకుని బతికిపోయింది, 2024లో తమిళనాడులో ఫ్యాక్టరీ కూడా తెరిచింది. మీ కిటికీ మీద దానికి శ్రద్ధ లేదు.

ఆఖరున లెక్క. డాబా మీద మూడు కిలోవాట్లు రోజుకి సగటున పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయని మీ అల్లుడుగారు అంటారు. గోడ ఎంతిస్తుందని కూడా అడుగుతారు. కాఫీ ఇప్పించి, మాట మార్చండి.