పచ్చ స్టిక్కరు పుణ్యం

మా బావగారు ఈమధ్య భూగోళాన్ని కాపాడుతున్నారు. ప్రతి ఆదివారం, కారేసుకుని. ఇంటి పక్క సందులోనే రైతుబజారు ఉంది. కానీ ఆయన కాపాడే భూగోళం ఊరికి ఆ చివర, ఏసీ ఆర్గానిక్ స్టోరులో ఉంటుంది.

అక్కడ కందిపప్పు ధర చూసి కూడా ఆయన కిక్కురుమనరు. పచ్చ స్టిక్కరు కనబడితే చాలు, కార్డు గీకేస్తారు. అదే సాయంత్రం తోటకూర గంపతో ఇంటి ముందుకొచ్చిన ఆవిడ దగ్గర మాత్రం, "ఇరవైకి మూడు కట్టలేనా? నాలుగెయ్యమ్మా, పైన రెండు కొత్తిమీర రెబ్బలు కూడా" అంటారు. ఆవిడ దగ్గర స్టిక్కరు లేదు మరి. బార్‌కోడ్ లేని సరుకుకి నైతిక విలువలు వర్తించవు.

ఆ స్టిక్కరు మీద ఏముందో చదివాను. 'సహజం, స్వచ్ఛం, పల్లె రుచి'. సేంద్రియం అని ప్యాకెట్ కట్టి అమ్మాలంటే ఎన్‌పీఓపీ ధ్రువీకరణో, పీజీఎస్ ధ్రువీకరణో ఉండాలి. జైవిక్ భారత్ గుర్తు వేయాలి. 'పల్లె రుచి'కి అవేవీ అక్కర్లేదు. అందుకే ప్యాకెట్ నిండా పల్లెలే. తన పంట తానే నేరుగా అమ్ముకునే చిన్న రైతుకి ఈ ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉందని చెబితే బావగారు నమ్మలేదు. స్టిక్కరు లేకుండా నమ్మడం ఎలా అన్నారు.

ప్రభుత్వమేమీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1991లోనే ఎకోమార్క్ పెట్టింది. గుర్తు మట్టికుండ. మీ ఇంట్లో ఏ సబ్బు మీదైనా, ఏ కాగితం మీదైనా ఆ కుండ ఉందేమో వెతకండి, నేను ఇక్కడే ఉంటాను. 2024లో దాని నిబంధనలు కొత్తగా రాశారు. అదే ఏడాది అక్టోబరులో, ఆధారం లేకుండా 'పర్యావరణహితం' అని కోతలు కోయొద్దంటూ వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ప్యాకెట్ల మీద ఆకు బొమ్మ మాత్రం ఇంకా వాడిపోలేదు.

ఇక సంచి సంగతి. కౌంటర్లో కుర్రాడు "క్లాత్ బ్యాగ్ ఇమ్మంటారా సార్?" అంటాడు. చేత్తో పట్టుకుంటే గుడ్డలాగే ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే పడుగూ లేదు, పేకా లేదు, వరసగా అచ్చొత్తిన చుక్కలు. అది పాలీప్రొపిలీన్. అగ్గిపుల్ల చూపిస్తే బూడిద కాదు, కరిగి ముద్దవుతుంది. 2021 నాటి నిబంధనలు దాన్ని ప్లాస్టిక్ సంచుల పద్దులోనే వేసి, చదరపు మీటరుకి 60 గ్రాముల కంటే పలచగా ఉండకూడదన్నాయి. "బావగారూ, ఇది ప్లాస్టిక్కేనండీ" అంటే, "మరి మీద చెట్టు బొమ్మ ఉందిగా" అన్నారు. వాళ్లింట్లో తలుపు వెనక మేకుకి ఇలాంటివి ఒకదాంట్లో ఒకటి దూరి వేలాడుతున్నాయి, మళ్లీ స్టోరుకి వెళ్లేటప్పుడు మర్చిపోవడానికి వీలుగా.

అక్కయ్యది చేనేత మార్గం. నేతన్నలకి సంఘీభావంగా ఆన్‌లైన్‌లో 'ఇక్కత్ ప్రింట్' చీరలు తెప్పించింది, డిస్కౌంటులో. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది గానీ, ఆ పేరు పక్కన 'ప్రింట్' అని చేరిస్తే ఎవరి గుర్తింపూ అక్కర్లేదు. అసలు ఇక్కత్‌లో నూలుకి ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత మగ్గం మీదకి ఎక్కిస్తారు. అందుకే డిజైను లోపలా బయటా ఒకేలా ఉంటుంది. అక్కయ్య చీర తిరగేస్తే వెలవెలబోయింది. మగ్గం మొహం చూడని చీర అది. సంఘీభావం ఏ మిల్లుకి చేరిందో ఆ మిల్లు యజమానికే తెలియాలి.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 2015 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు ఇక్కత్ కొనడానికి షోరూముకి వెళ్తే సెల్ఫీ కంటే ముందు కొంగు తిరగేసి చూడండి. వెనకవైపు వెలిసినట్టుంటే మడిచి అక్కడే పెట్టేసి రండి. సేల్స్‌మన్ ఏమీ అనుకోడు, వాడికి ముందే తెలుసు.