గిట్టుబాటు బాబాయి

మా బాబాయికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ బంధువుల్లో దాన్ని వాడేవాళ్లు లేరు. సర్వీసంతా ఆడిట్ శాఖలో పంచాయతీల పద్దుల మీద ఎర్ర పెన్సిలు తిప్పి రిటైరైన మనిషి. వంకాయల బేరం నుంచి పెళ్లి సంబంధం దాకా ఆయన నోట ముందుగా వచ్చే మాట "గిట్టుబాటవుతుందా?" అన్నదే. అందుకని గిట్టుబాటు బాబాయి. ఫోన్లో ప్రతివాడూ చందా అడుగుతున్న ఈ రోజుల్లో ఇంటింటా ఇలాంటివాడు ఒకడు తయారయ్యాడు. మావాడు కాకినాడలో ఉంటాడు.

పూర్వం ఈ జాతికి ఇంత పని ఉండేది కాదు. పత్రికకి చందా కట్టాలా వద్దా అన్నది తేలిగ్గా తేలిపోయేది. 1947లో మొదలైన చందమామనే ఆయన ఇప్పటికీ ఉదహరిస్తాడు. "చదివాక ఇంట్లో ఉంటుంది. సంవత్సరానికోసారి బైండు చేయించుకోవచ్చు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక పాత కాగితాలవాడికి వేస్తే నాలుగు డబ్బులొస్తాయి. మరి ఈ వీడియోని వాడు కిలో ఎంతకి కొంటాడ్రా?" ఈ ప్రశ్నకి నా దగ్గర ఇంతవరకూ జవాబు లేదు.

వ్యవహారం ఓ పచ్చళ్ల చానల్‌తో మొదలైంది. గోదావరి జిల్లా యాసలో, ఎవరినో ఒక్కరినే కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టు మాట్లాడే ఆవిడ. బాబాయి రెండేళ్లు ఉచితంగా చూశాడు. ఓ రోజు వీడియో కింద ‘జాయిన్’ అని మీట కనబడింది. నెలకి 59 రూపాయలు. కడితే సభ్యులకి మాత్రమే వీడియోలు, నెలకోసారి లైవు, పేరు పక్కన బ్యాడ్జీ. ఇంకొకరైతే కట్టేవారు, లేదా మానేసేవారు. బాబాయి లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. దానికే ఒక నెల చందా అయిపోయింది.

పుస్తకంలో గళ్లు గీశాడు. వీడియో మొత్తం నిడివి ఒక గడిలో. "హాయ్ అండీ, అందరూ బావున్నారా" అనే పలకరింపు ఒక గడిలో. గంట నొక్కమని బతిమాలడం, నూనె కంపెనీ ప్రకటన, ఆవిడ పిల్లి అడ్డం రావడం, వేటి గడి వాటికే. ఇవన్నీ తాలు. తాలు పోగా మిగిలింది నికరం. నికర నిమిషానికి ఎన్ని పైసలు పడిందో చివరి గడిలో. పిల్లిని తాలులో వెయ్యడానికి పిన్ని ఒప్పుకోలేదు. తను ఆ చానల్ చూసేదే పిల్లి కోసమంది. ఆడిట్ అభ్యంతరం నమోదైంది గానీ పరిష్కారం కాలేదు.

తరవాత ఇంకో చిక్కు వచ్చిపడింది. బాబాయి వీడియోల్ని రెట్టింపు వేగంతో చూస్తాడు. ఇరవై నిమిషాల సరుకు పది నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు చందా నిమిషానికి సగం ధర పడినట్టా, రెట్టింపు పడినట్టా? కాలం ఆదా అయింది కాబట్టి లాభమని పొద్దున అన్నాడు. డబ్బులిచ్చి కొన్నదాన్ని సగం సేపట్లో ఖర్చుపెట్టేశాం కాబట్టి నష్టమని సాయంత్రం అన్నాడు. రాత్రికి మామూలు వేగానికి వచ్చేశాడు, దండగ ఎందుకని.

ఆవిడ సభ్యులకి నిజంగా ఇచ్చేది వీడియోలు కావని నా అనుమానం. ఆవకాయ కలపడం ఊరకే చూపించేవాళ్లు వందలమంది ఉన్నారు. "అమ్మా, మా మాగాయ బూజెందుకు పట్టింది?" అని ఎవరో అడిగితే, ఉప్పెంత వేశారు, ముక్క ఎన్నాళ్లు ఎండింది, గరిట తడిదా పొడిదా అని ఎదురడిగి మరీ చెబుతుంది. 59 రూపాయలు దానికి. ఆ సంగతికి బాబాయి పుస్తకంలో గడి లేదు. గియ్యమంటే, కొలవలేనిదానికి గడి గీస్తే పేజీ పాడవుతుందన్నాడు.

యూట్యూబ్ వాటా గురించి తెలిసిన రోజున మాత్రం ఆయన నిద్రపోలేదు. సభ్యత్వం సొమ్ములో, పన్నులూ అవీ పోగా, చానల్ వాళ్లకి దక్కేది 70 శాతం. పద్దుల మనిషి రక్తం ఉడికింది. "59లో పద్దెనిమిది శాతం జీఎస్టీ తీసెయ్. యాభై. అందులో డెబ్బై శాతం ముప్పై అయిదు. అంటే ఆవిడ చేతికొచ్చేది ముప్పై అయిదే! నేను ఆవిడకి నేరుగా నలభై పంపిస్తా. ఆవిడకి అయిదు లాభం, నాకు పందొమ్మిది." ఈ ప్రతిపాదన చానల్‌కి ఉత్తరంలా రాసి పంపాడు. కొసరుగా మొదటి నెల మాఫీ చెయ్యమన్నాడు. కాకినాడవాడు కదా, సుబ్బయ్యగారి హోటల్లో కొసరి కొసరి వడ్డిస్తుంటే పెరిగిన ప్రాణం. ఆవిడ రెండు చేతులు జోడించిన బొమ్మ పంపింది. అది ఒప్పుకోలో తిరస్కారమో నాకు తెలియదు. బాబాయి ఫైల్లో మాత్రం ‘జవాబు పెండింగ్’.

డాలస్‌లో ఉన్న పెద్దకొడుకు ఓ పాడ్‌కాస్ట్‌కి నెలనెలా అయిదు డాలర్లు కడతాడు. వినడానికి తీరికుండదట. "వాళ్లు బతకాలి కదా నాన్నా" అంటాడు. కెవిన్ కెల్లీ అనే ఆయన 2008లో ఓ వ్యాసం రాశాడని, కళాకారుడికి వెయ్యిమంది నిజమైన అభిమానులుండి తలా ఏడాదికి వంద డాలర్లు ఇస్తే జీవితం గడిచిపోతుందన్నాడని ఫోన్లో చెప్పాడు. బాబాయి శ్రద్ధగా విని, "మంచిది. నేను వెయ్యిన్నొకటోవాణ్ణి" అన్నాడు.

ఈ లెక్కల పిచ్చిని చూసి అందరం నవ్వుతాం గానీ ఒక్క విషయంలో మా కుటుంబం ఆయనకి బాకీ పడింది. మా బావ షేర్ మార్కెట్ గురువొకడి టెలిగ్రామ్ గ్రూపులో చేరబోయాడు. నెలకి 4,999. లాభం గ్యారంటీ. బాబాయి నోట్‌బుక్ తెరవలేదు, నిమిషాలు లెక్కపెట్టలేదు. ఫలానా షేరు కొనమని డబ్బు పుచ్చుకుని సలహా ఇచ్చేవాడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. సలహాదారుకైతే ఐఎన్‌ఏతో, రీసెర్చ్ అనలిస్టుకైతే ఐఎన్‌హెచ్‌తో మొదలయ్యే నంబరుంటుంది. లాభం ఇంత ఖాయమని చెప్పడం వాళ్లకి కూడా నిషేధం. ఇదంతా ఆయన సెబీ వెబ్‌సైట్లో కూర్చుని చదివేశాడు. బావ ఫోన్ తీసుకుని గ్రూపులో ఒకే ఒక్క వాక్యం పెట్టాడు: "అయ్యా, తమరి నంబరు?" అయిదు నిమిషాల్లో బావని గ్రూపులోంచి తీసేశారు. ఉచితంగా బయటపడిన మొదటి చందాదారు మా బావే అయ్యుంటాడు.

సరే, పచ్చళ్ల చందా. కొన్ని నెలలు తర్జనభర్జన పడ్డాక ఆయనొక పథకం తెచ్చాడు. ఒక నెల కట్టి, కట్టిన రోజే రద్దు చెయ్యడం. రద్దు చేసినా గడువు తీరేదాకా చూడొచ్చు కాబట్టి, ముప్పై రోజుల్లో పాతవన్నీ చూసెయ్యొచ్చు. పైగా ఆ 59ని అయిదుగురు మేనల్లుళ్లకీ అన్నకొడుకులకీ పంచితే తలకి 11 రూపాయల 80 పైసలు. అందరి దగ్గరా వసూలు చేశాడు. చిల్లర లేదన్నవాడి దగ్గర యూపీఐలో పైసలతో సహా తీసుకున్నాడు.

ఆవకాయ రోజులు. ఆదివారం సభ్యుల లైవు. ఆయన హాల్లో టీవీ ముందు మేమూ మా పిల్లలూ చాపల మీద కూర్చున్నాం. పిన్ని పొద్దున్నించీ పెసరట్లు పోస్తూనే ఉంది. ఆ పెసలూ, కాఫీ పొడీ, గ్యాసూ ఏ గడిలోకి వస్తాయని అడిగాను. "అది గృహఖర్చు, పద్దు వేరు" అన్నాడు.

లైవు మొదలైంది. ఆవిడ ఆవపిండి జల్లిస్తూ, పక్కన వస్తున్న సందేశాలు చూసి మొహం విప్పార్చుకుంది. "కాకినాడ పిన్నిగారు వచ్చారా! పోయినేడు మీరు చెప్పిన మెంతిపిండి కొలతే వేశానండీ, ఏడాదైనా ముక్క మెత్తబళ్లేదు."

హాల్లో అందరి తలలూ వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. పిన్ని ఒక చేత్తో కాఫీల పళ్లెం, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నిలబడి ఉంది. బాబాయి కళ్లజోడు సర్దుకుని టీవీ తెర మీద పిన్ని పేరు పక్కనున్న బ్యాడ్జీ రంగు చూశాడు. ఏ రంగు ఎన్ని నెలలకి మారుతుందో ఆయన దగ్గర పట్టిక ఉంది.

"ఏవిటే ఇది? పన్నెండు నెలలు నిండితేగానీ ఈ రంగు రాదు! ఏడొందల ఎనిమిది రూపాయలు!"

"ముందు పిల్లలకి కాఫీలు అందించండి. చల్లారిపోతున్నాయి."

బాబాయి పళ్లెం అందుకుని ఒక్కొక్కరికీ గ్లాసు ఇస్తూ వచ్చాడు. నా దగ్గర ఆగి, గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, మెంతిపిండి కొలత మీ పిన్నిది. అంటే సరుకు మనం సప్లై చేసి, ఎదురు చందా కూడా మనమే కట్టాం. ఆవిడకి బిల్లు ఎలా పంపాలో కాస్త చూసిపెట్టు."