సూది కోసం సోదికెళ్తే

ఆక్యుపంక్చర్ బోర్డు పూర్తిగా చదివేసరికే సగం రోగం కుదిరిపోతుంది. షుగరు, బీపీ, థైరాయిడ్, పక్షవాతం, సంతానలేమి, బట్టతల. రేకు మీద ఇంకా చోటుంటే ‘మరియు సకల దీర్ఘవ్యాధులు’. మందుల్లేవు, ఆపరేషన్ లేదు, దుష్ఫలితాలు అసలే లేవు. మరో రెండడుగుల రేకు దొరికి ఉంటే పొలం తగాదాలూ తీర్చేవారు.

లోపలికెళ్తే ముందు నాడి చూస్తారు. మణికట్టు మీద మూడు వేళ్లు, కాసేపు మౌనం, ఆ తరవాత సోది మొదలు. ‘కిడ్నీలో శక్తి తగ్గింది, లివర్‌లో కోపం పేరుకుంది.’ మనం వెళ్లింది మోకాలి నొప్పికి. అయినా తలూపుతాం. కోపం పేరుకోని లివరు ఏ ఇంట్లో ఉంది గనక!

సూదిలో బొత్తిగా పస లేదనడం లేదు. జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. శాస్త్రోక్తంగా గుచ్చించుకున్నవాళ్లలో 47.6 శాతానికి మేలు కనిపించింది, మామూలు వైద్యం చేయించుకున్నవాళ్లలో 27.4 శాతానికే. శభాష్ అనబోయేలోగా మూడో జట్టు అడ్డొచ్చింది. సంబంధం లేని చోట పైపైన గుచ్చించుకున్నవాళ్లు వీళ్లు. వీళ్లలో 44.2 శాతం! గోడకి వేలాడే 361 బిందువుల పటానికి మిగిలిన గొప్ప ఆ మూడు శాతం చిల్లరే. ఇంకో రెండేళ్లకి అమెరికావాళ్లు 638 మందితో మరీ గడుసు పని చేశారు. కొందరికి గొట్టంలో సూదికి బదులు పంటిపుల్ల పెట్టి చర్మం మీద నొక్కి తీశారు. పుల్ల గుచ్చుకోలేదు, నొప్పి మాత్రం సూదికి తగ్గినంతా తగ్గింది. హోటల్ కౌంటర్ మీద సోంపు పక్కన ఊరికే పెట్టే సరుకండీ అది!

నొప్పికి కాస్త ఊరట దొరికితే మంచిదే, పుచ్చుకుందాం. కానీ ‘ఇన్సులిన్ ఆపెయ్యండి’ అన్న మాట వినపడిందా, వెంటనే లేచి చెప్పులు వెతుక్కోండి. టైప్ 1 షుగరున్న పిల్లలకి ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు.

దుష్ఫలితాల్లేవన్న మాట కూడా బోర్డుకే చెల్లింది. భుజం దగ్గరో ఛాతీ మీదో సూది లోతుగా దిగి ఊపిరితిత్తికి చిల్లు పడ్డ కేసులు వైద్య పత్రికలకెక్కాయి. ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్ బి ఉచితం.

ఇక గోడ మీది సర్టిఫికెట్లు. డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఈ విద్యని చైనాలో నేర్చుకుని కలకత్తాకి తెచ్చారు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి చట్టమే చేసింది. 2019లో కేంద్రం చికిత్సా పద్ధతిగా గుర్తించింది. గుర్తింపు వచ్చింది పద్ధతికి. శని, ఆదివారాల కోర్సు చేసొచ్చిన మనిషి మాత్రం ‘కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన’ అని తన పేరు ముందు తగిలించుకుంటాడు.

మామిడిపళ్ల బుట్టలో అడుగుదాకా చెయ్యిపెట్టి చూసే మనం, ఒళ్లంతా గుచ్చే మనిషిని ఒక్క ప్రశ్న అడగం. ఎక్కడ, ఎన్నేళ్లు చదివారు? ఏ కౌన్సిల్‌లో నమోదయ్యారు? సీలు కవరు నా కళ్లముందే చించుతారా, వాడిన సూది ఎక్కడ పారేస్తారు? రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాను, పరవాలేదా? పది సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టకముందే అడగండి.