తిరిగే క్యాలిపర్

ఇక ఎర్ర తొడుగుల సంగతి మాట్లాడుకోక తప్పదు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన పదిహేనేళ్ల చిన్నకారు చక్రంలోంచి కుంకుమ రంగులో ఏదో తొంగిచూస్తోందంటే అదేమిటో మీకు చెప్పక్కర్లేదు. మొన్నటిదాకా స్టీరింగుకి తొడుగు, సీట్లకి తొడుగు, గేరు రాడ్డుకి తొడుగు. ఇప్పుడు బ్రేకుకీ తొడుగే. అమ్మేవాళ్లు దీన్ని ‘బ్రేక్ అప్‌గ్రేడ్’ అంటున్నారు. కొనేవాళ్లు పాత బండికి కొత్త ప్రాణం పోశామని మురిసిపోతున్నారు. ఇటలీలో బెర్గామో దగ్గర 1961లో మొదలై రేసుకార్ల బ్రేకులతో పేరు తెచ్చుకున్న బ్రెంబో పేరు దానిమీద తెల్లటి అక్షరాల్లో మెరుస్తుంటుంది. ఒక్కోసారి స్పెల్లింగు కూడా సరిగ్గానే ఉంటుంది. ఇంత ఘనకార్యం వెయ్యికో రెండువేలకో అయిపోతుంటే ఆ ఇటలీవాళ్లు ఇన్నేళ్లుగా అల్యూమినియం పోతపోసి, పిస్టన్లు కోసి, లక్షల్లో బిల్లులు ఎందుకు వేస్తున్నారో అర్థం కాదు. పాపం, డబుల్ టేపు సంగతి వాళ్లకి తెలియదేమో.

ఈ తొడుగుల్ని ఎక్కువగా చేసేది ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో. పెట్టెమీద ఆ మాట పెద్ద అక్షరాల్లో వేస్తారు కూడా. మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ బ్రేకులు ఉండి తీరాలన్న నిబంధన పూర్తిగా అమల్లోకి వచ్చింది 2019 ఏప్రిల్‌లో. అంతకుముందు కొన్న చవక మోడళ్లలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. ఇన్నాళ్లకి ఆ లోటు తీరింది. చక్రం బిగుసుకుపోయి జారకుండా కాపాడే ఏబీఎస్ కాదనుకోండి, పిల్లల బొమ్మ ఇటుకలు చేసే ఏబీఎస్. అయినా మూడక్షరాలూ కలిశాయి కదా, జాతకాలు కలిసినట్టే. ఈ ప్లాస్టిక్ నూరు డిగ్రీలు దాటాక మెత్తబడుతుంది. నాలుగుసార్లు గట్టిగా బ్రేకు తొక్కితే డిస్కు వేడి రెండు, మూడు వందల డిగ్రీలకి చేరడం వింతేమీ కాదు. కాలే పెనం పక్కన ప్లాస్టిక్ గిన్నె పెట్టడానికి ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. మనం మాత్రం గాలి తగిలి చల్లారాల్సిన చోట దుప్పటి కప్పి, దానికి అప్‌గ్రేడ్ అని పేరు పెట్టుకున్నాం.

అయినా ముందు చక్రాల సంగతి నయం. అక్కడ తొడుగు కింద క్యాలిపర్ అనేది ఒకటుంది. పిడికిలంత ఇనుప ముక్క, తుప్పు రంగులో, చూడ్డానికి ఏ అందమూ లేకుండా, డిస్కుని రెండువైపులా పట్టుకుని కూర్చుంటుంది. వెనక చక్రాలకి వెళ్లండి. పాత చిన్నకార్లలో వెనక ఉండేది డ్రమ్ము. బోర్లించిన మూకుడు లాంటి ఆ ఇనుప గిన్నె లోపల రెండు షూలు విచ్చుకుని దాని గోడల్ని ఒరుసుకుంటాయి. అక్కడ డిస్కు లేదు, క్యాలిపర్ లేదు. కానీ తొడుగుల సెట్టులో నాలుగు ముక్కలున్నాయి కదా, రెండింటిని పారేయడానికి మనసొప్పదు. అందుకని డ్రమ్ముకే అంటించేస్తున్నారు. బోడితలకి జడగంటలు కట్టడం అంటే ఇదే. కాకపోతే జడగంటలు కట్టించుకున్న బోడితల కదలకుండా కూర్చుంటుంది. డ్రమ్ము కూర్చోదు. అది చక్రంతోపాటు తిరుగుతుంది. దాంతోపాటు క్యాలిపరూ తిరుగుతుంది.

ఈ ఒక్క విషయం దగ్గర ఇంకాస్త ఆగనివ్వండి, ఇంత రసవత్తరమైన దృశ్యం మళ్లీ దొరకదు. క్యాలిపర్ పుట్టుకకి ఒకే ఒక్క ధర్మం ఉంది: చుట్టూ అన్నీ తిరుగుతున్నా తను కదలకుండా ఉండటం. అది కదలదు కాబట్టే డిస్కుని పట్టి ఆపగలుగుతుంది. తిరిగే క్యాలిపర్ అంటే, గుళ్లో భక్తులు ప్రదక్షిణాలు చేస్తుంటే ధ్వజస్తంభం కూడా వాళ్ల వెనకాలే బయల్దేరడం. బండి మెల్లగా కదిలినప్పుడు చూడండి: ఎర్రటి బ్రెంబో పైకి వస్తుంది, ముందుకి వాలుతుంది, తలకిందులవుతుంది, మళ్లీ పైకి లేస్తుంది. జాతరలో రంగులరాట్నం ఇంతకంటే గంభీరంగా తిరుగుతుంది.

లెక్క కూడా వేద్దాం. 145/80 సైజు టైరున్న 12 అంగుళాల చక్రం, బండి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకి దాదాపు పది చుట్లు తిరుగుతుంది. డ్రమ్ము నడిమధ్య నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో వంద గ్రాముల తొడుగు అంటించారనుకోండి, ఆ వేగంలో అది మూడు కిలోల బరువంత బలంతో బయటికి లాగుతుంటుంది. వేగం 100కి చేరితే ఆ లాగుడు ఎనిమిది కిలోలు దాటుతుంది. దాన్ని పట్టి ఉంచేది టేపు, లేదా కాస్త సిలికాన్ గమ్ము. అది ఊడితే వెనకొచ్చే బైకువాడి మీదకి ఎగరొచ్చు, లేదా రిమ్ముకీ డ్రమ్ముకీ మధ్య ఇరుక్కోవచ్చు. మన బ్రేకు పక్కవాడికి బ్రేకు వేయడం సాంకేతికంగా ఒక ముందడుగే, ఒప్పుకుంటాను.

కానీ ఆ తొడుగు అంటించడానికి చక్రం విప్పారు కదా. నాకు నవ్వు ఆగిపోయేది అక్కడ. చక్రం విప్పగానే ముందు బ్రేకు మొత్తం కళ్లెదురుగా ఉంటుంది. పాత బండిలో సాధారణంగా కనిపించేది ఇది: లోపలివైపు ప్యాడ్ ఇనుప పలక దాకా అరిగిపోయి ఉంటుంది, బయటివైపు ప్యాడ్ సగం కూడా అరగదు. అంటే క్యాలిపర్ జరగాల్సిన పిన్నులు గ్రీజు ఎండి, తుప్పు పట్టి బిగుసుకుపోయాయని అర్థం. రెండు చేతులతో పట్టాల్సిన బ్రేకు ఒంటిచేత్తో పడుతోందని అర్థం. రబ్బరు గొట్టం మీద సన్నటి పగుళ్లుంటాయి. వెనక డ్రమ్ము విప్పితే వీల్ సిలిండర్ కారి షూలు నూనెలో నానుతూ కనిపించినా ఆశ్చర్యం లేదు. ఇవన్నీ చూశాక, లేదా చూడకుండా ముఖం తిప్పుకున్నాక, దుమ్ము తుడిచి, తొడుగు అంటించి, నట్లు బిగించి, బ్రేకులు మెరుగయ్యాయని చెప్పి డబ్బు తీసుకుంటున్నారు. ఇది సోకు కాదు, మోసం. డబ్బిచ్చి మరీ మోసపోయినవాడు వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కుతున్నాడు. పుండుని కడగకుండా పైన జరీ పట్టీ కట్టే వైద్యుణ్ణి ఊళ్లో ఉంచుతామా? ఇక్కడ మాత్రం వరసలో నిలబడి కట్టించుకుంటున్నాం. రేపు ఏదైనా జరిగితే బ్రేకులు ఫెయిలయ్యాయి అని తేలిగ్గా అనేస్తాం. చాలాసార్లు బ్రేకులు ఉన్నట్టుండి ఫెయిలవ్వవు. కీచుమని అరిచి, పెడల్ మెత్తబడి, బండిని ఒక పక్కకి లాగి, నెలల తరబడి మొరపెట్టుకుని, చివరికి విసిగి ఊరుకుంటాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: తొడుగులు సరే, అసలైన పెద్ద డిస్కు, పెద్ద క్యాలిపర్ వేయిస్తే తప్పేముంది, పాత కార్ల బ్రేకులు బలహీనమే కదా? మంచి ప్రశ్న. జవాబు మీ కుడికాలి కిందే ఉంది. ఏబీఎస్ లేని పాత కారులో, ఖాళీ రోడ్డు మీద పెడల్ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని జారుతున్నాయా? జారితే మీ బ్రేకుకి బలం తక్కువ లేదు, టైరుకి పట్టు తక్కువైంది. బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపేది టైరు. అరచేతి వెడల్పు రబ్బరు నాలుగు చోట్ల రోడ్డుకి ఆనుతుంది, బండికీ భూమికీ ఉన్న చుట్టరికం అంతే. 80 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో గట్టిగా బ్రేకు వేస్తే బండి సుమారు 31 మీటర్లలో ఆగాలి. తడి రోడ్డూ అరిగిన టైర్లూ కలిసి ఆ పట్టుని సగానికి తగ్గిస్తే 63 మీటర్లు పడుతుంది. మనిషి తేరుకుని పెడల్ మీద కాలు పెట్టడానికి పట్టే ఒక్క సెకనులో పోయే 22 మీటర్లు దీనికి అదనం. ఎంత పెద్ద క్యాలిపర్ పెట్టినా ఆ 63 తగ్గదు. టైరు గాడిలో 1.6 మిల్లీమీటర్ల ఎత్తున ఉండే చిన్న కట్టతో సమానంగా రబ్బరు అరిగిపోయిందేమో వంగి చూడటానికి పైసా ఖర్చులేదు, కానీ అది ఎర్రగా ఉండదు.

పైగా బ్రేకులో ఒక్క భాగాన్ని పెంచితే మిగతావి ఊరుకోవు. క్యాలిపర్ పిస్టన్ పెద్దదైతే దాన్ని తోయడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ అంతే ఇస్తుంది కాబట్టి పెడల్ లోతుగా దిగుతుంది. ముందు బ్రేకుల బలం పెరిగి వెనకవి అలాగే ఉంటే ముందు చక్రాలు త్వరగా బిగుసుకుంటాయి, వెనక టైర్ల పట్టు వాడకుండా మిగిలిపోతుంది. డబ్బు పోసి బండి ఆగే దూరం పెంచుకున్నట్టు అవుతుంది. పెద్ద డిస్కు 12 అంగుళాల రిమ్ములో పట్టదు, కాబట్టి పెద్ద రిమ్ము, దానికి వేరే టైరు, దాంతో మరింత బరువు. ఇక బండితో వచ్చిన డిస్కుకే లేతు షెడ్డులో డ్రిల్లు పెట్టి చిల్లులు వేయించుకునేవాళ్లకి ఒక్కమాట: ఇనుములో పగుళ్లు మొదలయ్యేది ఆ చిల్లుల దగ్గరే.

ఘాట్ రోడ్డు సంగతేమిటంటారా? ఇది న్యాయమైన అభ్యంతరం, ఎందుకంటే అక్కడ సమస్య బలం కాదు, వేడి. తిరుమల నుంచి తిరుపతికి దిగడమంటే దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగడం. నలుగురు మనుషులూ సామానూ కలిపి వెయ్యి కిలోల బండి అనుకుంటే, 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగే పని దాదాపు ఇరవై ఎనిమిది సార్లు చేసినంత శక్తి అది. గాలీ, టైర్ల రాపిడీ కొంత తినేసినా మిగతాదంతా ఇంజిన్ మోయాలి, లేదా బ్రేకులు మోయాలి. రెండో గేరులో దిగితే ఇంజిన్ మోస్తుంది, అదీ ఉచితంగా. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి దిగే మహానుభావులు, పెడల్‌ని తేలిక చేసే బ్రేకు బూస్టర్ సాయాన్ని కూడా ఆపుకుంటున్నారని గుర్తుంచుకుంటే చాలు. ఇక బ్రేకు ఆయిల్. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక అది 140. డాట్-4కి 230, 155. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరుతుంది, ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది, పెడల్ ఫ్లోరుకి అంటుతుంది. కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన రకం ఆయిల్ సీసా కొన్ని వందలు. రెండేళ్లకోసారి మార్చి, ఎయిర్ తీయిస్తే ఘాట్ భయం సగం పోతుంది. కానీ ఆ సీసా తెచ్చి చక్రానికి అంటించుకోలేం కదా, పక్కవాడికి ఎలా తెలుస్తుంది?

ఆఖరి అభ్యంతరం అందరికీ తెలిసిందే: ఏదో అందం కోసం పెట్టుకుంటారు, నీకెందుకు కడుపుమంట? అందానికి నేను అడ్డు కాదు. వేడికి తట్టుకునే పెయింటు డబ్బా దొరుకుతుంది, క్యాలిపర్‌ని శుభ్రంగా గీకి దానికే ఎరుపు వేయించుకోండి. ఆ గీకేటప్పుడైనా పిన్నులు కదులుతున్నాయో లేదో కంటపడుతుంది. దసరాకి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ఆ నిమ్మకాయ ఏనాడూ నేను బ్రేకునని చెప్పుకోలేదు. ఈ తొడుగు చెప్పుకుంటోంది. నమ్మినవాడు ముందు లారీకి రెండు గజాలు దగ్గరగా నడుపుతాడు, డబ్బులు మిగలక ప్యాడ్లని వచ్చే నెలకి వాయిదా వేస్తాడు. నా కడుపుమంట ఆ వాయిదా గురించి. చేతిలో డబ్బు తక్కువున్నవాడికి వరస చాలా సులువు: ముందు టైర్లు చూడు, ఆయిల్ మార్చు, మంచి ప్యాడ్లు వేయించి పిన్నులకి గ్రీజు పెట్టించు, పగిలిన గొట్టాలు మార్చు, డిస్కు మీద అచ్చువేసిన కనీస మందం కంటే పలచబడితే కొత్తది వేయించు, డ్రమ్ములు విప్పించి షూలు సరిచేయించు. అప్పటికీ డబ్బు మిగిలి, మీ మోడల్లోనే పైరకానికి గాలిదారులున్న డిస్కు కంపెనీ వేసి ఉంటే, అది డిస్కూ క్యాలిపరూ కలిపి సెట్టుగా మీ రిమ్ములో పడుతుందేమో తెలిసిన మెకానిక్‌ని అడగండి. దాన్ని నేనూ అప్‌గ్రేడ్ అనే అంటాను.

ఇవేవీ వినకపోయినా పరవాలేదు, ఈసారి సిగ్నల్ పడ్డప్పుడు ఆ వెనక చక్రాన్ని ఒక్కసారి చూడండి. ఎర్ర క్యాలిపర్ గిర్రున తిరుగుతూ వస్తుంది, నెమ్మదిస్తుంది, ఒక మూలకి వాలి ఆగుతుంది. దాన్ని ఆపింది ఎవరో కాదు, అది కప్పేసిన డ్రమ్ములో, ఏళ్ల తరబడి ఎవరూ విప్పి చూడని ఆ రెండు అరిగిన షూలే.