అంచుకే అయిపోయిన నూలు

సోలాపూర్‌లో అశోక్ చౌక్, సాఖర్ పేట్ చుట్టుపక్కల గల్లీల్లోకి అడుగుపెడితే మనుషుల కన్నా ముందు సాంచెల, అంటే మరమగ్గాల, మోత పలకరిస్తుంది. బోర్డులు మరాఠీలో, బేరం హిందీలో, తిట్లు మాత్రం అచ్చమైన తెలంగాణ తెలుగులో. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు లేచింది. ఆ కాలం నుంచీ కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన పద్మశాలీల వాడలివి. మిల్లు ఎప్పుడో మూతబడింది, తిట్లు మిగిలాయి.

ఈ గల్లీల్లో ఎనిమిది సాంచెలున్న తువ్వాళ్ల సేటు ఒకాయన ఉన్నాడనుకోండి. పేరెందుకు, అలాంటి వాళ్లు వాడకు పదిమంది. అల్లుడి పోరు పడలేక వెబ్‌సైట్‌కని నలభై వేలు పక్కన పెట్టాడు. లాప్‌టాప్ పట్టుకుని ఒక కుర్రాడు దిగాడు.

"సేటూ, మొదటి పేజీల సాంచె గిరగిర తిరుగుతది. తువ్వాలలు ఎగురుకుంట వస్తయి."

"నా కారఖానల తిరిగే సాంచెకే కరెంటు బిల్లు కట్టలేక సస్తున్న. గా సాంచెకు గూడ నేనే కట్టాల్నా?"

అన్నాడే గానీ, కట్టాడు. ముప్పై వేలు ఆ తిరుగుడికే పోయాయి. మిగిలిన పదివేలు మార్కండేయ మహర్షి పటానికి, తాతగారి ఫొటోకు, "సంస్థాపకుల సందేశం" అనే పేజీకి సరిపోయాయి. ఆ సందేశం తాతగారు ఇవ్వలేదు. ఆయనకు సంతకమే రాదు.

చెన్నైలో ఒక హోటల్ వాళ్లు ఫోన్‌లో ఆ పేజీ తెరిచారు. సాంచె తిరగడానికి ముందు చిన్న చక్రం తిరిగింది, చాలాసేపు తిరిగింది. వాళ్లకు కావలసినవి నాలుగే ముక్కలు: తువ్వాల కొలత, జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో), కనీసం ఎన్ని డజన్లు కొనాలి, ఎన్నాళ్లలో పంపుతారు. ఒక్కటీ లేదు. తాతగారున్నారు.

ఏది పనికొచ్చేదో, ఏది పైపై సోకో సేటుకు తెలియని విద్యా? టెర్రీ తువ్వాల సాంచెకు పడుగు దూలాలు రెండు. ఒకటి బిగుతుగా నేలపోగుకు, రెండోది వదులుగా లూపులకు. మామూలు టెర్రీ నేతలో రెండు పేకలు కొంచెం ఎడంగా పడి, మూడో పేకతో కలిపి గట్టిగా కొడితే వదులు పోగు లూపై లేస్తుంది. నీళ్లు పీల్చేది ఆ లూపే, జీఎస్ఎం లెక్కలో బరువు తూగేదీ అదే. అంచు పువ్వులు చూడ్డానికే. నూలంతా అంచుకు పెట్టే నేతగాణ్ణి సేటు ఒక్కపూట కూడా కారఖానాలో ఉంచుకోడు. వెబ్‌సైట్ దగ్గర మాత్రం తానే ఆ పని చేశాడు.

నిజానికి కంప్యూటర్ సాలెవారికి పరాయిది కాదు. సోలాపూర్ చాదర్ మీద నెమలి దిగేది జకార్డు చిల్లుల అట్టలతోనే. 1804 నాటి ఆ ఫ్రెంచి అట్టల్ని చూసే ఇంగ్లండు గణితజ్ఞుడు బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల కార్డులు ఊహించాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు తేల్చినవీ చిల్లుల కార్డులే. వరస కలిపితే వెబ్‌సైట్ మన మగ్గానికి మునిమనవడు. మునిమనవడికి ముత్తాత భయపడటమేమిటి?

ఆ నలభై వేలు మళ్లీ చేతికొస్తే పెద్ద వాటా ఫొటోలకే పోవాలి. పగటి వెలుతురులో, లూపు కనిపించేంత దగ్గరగా, పక్కన టేపు పెట్టి తీసినవి, ఫోన్‌లో చప్పున తెరుచుకునేలా సైజు తగ్గించినవి. తర్వాత ఆ నాలుగు ముక్కలు హిందీలో, ఇంగ్లీషులో సరిగ్గా రాసే మనిషికి. తాళం గుర్తు తెచ్చే భద్రతా సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది, గూగుల్ మ్యాప్‌లో కారఖానా చిరునామా పెట్టడమూ ఉచితమే, 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగూ అంతే. ఉచితమైనవాటికి బిల్లు వేసే కుర్రాళ్లూ ఉంటారు, అది వేరే కథ. కొంత సొమ్ము రెండో ఏటికి దాచాలి. డొమైన్‌కు, అంటే వెబ్‌సైట్ పేరుకు, మొదటి ఏడాది ధర పెళ్లిచూపుల నాటి మాట, రెన్యూవల్ ధర కాపురం.

ఇంకొకటి. సోలాపూర్ చాదర్‌కు, సోలాపూర్ టెర్రీ టవల్‌కు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. ఎక్కడో నేసి సోలాపూర్ పేరు తగిలించే సరుకు బజారులో కొల్లలు. అధీకృత వినియోగదారుగా నమోదైన నేతదారు ఆ సంగతి మొదటి పేజీలోనే చెప్పుకోవచ్చు. సేటు పేజీలో ఆ చోట సాంచె తిరుగుతోంది.

తిరుగుతోంది అనడం కూడా తప్పే. కుర్రాడికి పుణెలో ఉద్యోగం వచ్చింది. డొమైన్ అతని పేరున, అతని ఈమెయిల్ మీద ఉంది. గడువు దాటింది, పేజీ పోయింది. సేటులాంటి వాళ్లు ఇది చదువుతుంటే, ఇవాళే మీ డొమైన్ ఎవరి పేరున ఉందో ఒకసారి అడిగి చూడండి.